ఎదురొచ్చి వెనకబడ్డాను

మొన్న ఉదయం ఏడు గంటలు. సన్నగా జల్లు. గొడుగు వేసుకుంటే నవ్వుతారు, వేసుకోకపోతే తడుస్తాం. అలాంటి వాన.

అంత మామూలుగా మొదలైంది రోజు. సాయంత్రానికి మా అత్తయ్య పెళ్ళినాటి ఇత్తడి బిందె శ్రీకాకుళం దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ఉండిపోయింది. ఎలాగో చెప్తాను, టీ తాగుతూ వినండి.  

నేను మాటలు తక్కువ మనిషిని. అవునంటే తల ఊపుతాను. కాదంటే ఊరుకుంటాను. పెళ్ళైన ఇరవై మూడేళ్ళలో దీనివల్ల ఎవరికీ నష్టం రాలేదు. మొన్ననే వచ్చింది.

మాది రాజాం. ధాన్యం వ్యాపారం. ఇంటి పక్కనే గోడౌను. ఇంట్లో మా ఆయన, అత్తయ్య, నేను. ఒక్కతే కూతురు దీప్తి. హాస్టల్లో ఉండి ఇంజనీరింగ్ మూడో ఏడాది చదువుతోంది.

వాళ్ళ కాలేజీలో ఒక పద్ధతి ఉంది. మామూలుగా బీటెక్ నాలుగేళ్ళు, ఆపైన ఎంట్రన్స్ రాసి ఎంటెక్ రెండేళ్ళు. అలా కాకుండా రెండూ కలిపి అయిదేళ్ళలో అయిపోతాయి. నాలుగో ఏడాదిలోనే పీజీ పేపర్లు మొదలైపోతాయన్న మాట. దానికి మూడో ఏడాది ఆఖర్న ఒక ఇంటర్వ్యూ. తీసుకున్నారా, సరే. లేదా, ఇక ఆ దారి మూసుకున్నట్టే. తర్వాత చేరతానంటే కుదరదు.

దీప్తి ఈ సంగతి చెప్పగానే మా ఆయన కుర్చీలోంచి లేచారు.

"రెండు డిగ్రీలూ అయిదేళ్ళకేనా? ఒక్క కిరాయికి రెండు లోడ్లు! కానీ తల్లీ, కానీ!"

ఆయన దేన్నైనా అలాగే చూస్తారు. ఖాళీ బండి పంపడం ఆయన దృష్టిలో పాపం. అరసవల్లి దర్శనానికి వెళ్తూ కూడా డిక్కీలో రెండు బస్తాలు వేసుకుంటారు.

నాకు మాత్రం గుబులుగానే ఉండేది. అంత చదువు అంత తొందరగా ఎందుకు? ఒకసారి అడిగాను.

"ఊపిరాడుతుందా?"

"ఆడుతుందమ్మా."

అంతే. మా ఇద్దరి మధ్య దీనిమీద జరిగిన చర్చ మొత్తం అది.

కానీ దానికి ఎంత కావాలో నాకు తెలుసు. ఆ ఇంటర్వ్యూకి చూపించడానికి ఒక డబ్బా తయారుచేసింది. టిఫిన్ క్యారియర్ గిన్నంత ఉంటుంది. గుప్పెడు ధాన్యం పోస్తే అందులో తేమ ఎంతుందో అంకె చూపిస్తుంది. మా ఆయన ఇప్పటికీ గింజ పంటికింద వేసి కొరికి, "తేమ ఉంది" అంటారు. ఎప్పుడూ ఉందనే అంటారు. కొనేది ఆయనే కదా! దీప్తి చిన్నప్పటి నుంచీ చూస్తోంది. రైతు మొహం, నాన్న పన్ను, ఆ రెండిటి మధ్యలో జరిగే గొడవ. అందులోంచే పుట్టింది ఈ డబ్బా.

వారం రోజులు ఇంట్లోనే కూర్చుని గోడౌన్లో ధాన్యంతో టెస్టులు చేసింది. వైర్లు అతికిస్తూ వేళ్ళు కాల్చుకుంది. ఉన్నది ఒక్కటే డబ్బా. ఇంకోటి చెయ్యాలంటే టైం లేదు. లాప్‌టాప్‌లో ఉన్నది మెయిల్ పెట్టొచ్చట. డబ్బాని మెయిల్ పెట్టలేం.

ఇక అత్తయ్య సంగతి.

అత్తయ్యకి ఎదురు పట్టింపు. మంచి పనికి బయల్దేరేటప్పుడు ఎవరు ఎదురొచ్చారు, చేతిలో ఏముంది, అన్నీ చూస్తుంది. దీప్తి ఇంజనీరింగ్ ఎంట్రన్స్‌కి వెళ్ళే రోజు కట్టెల మోపు ఎదురొచ్చింది. అంతే, అందర్నీ వెనక్కి దింపింది. కాళ్ళు కడిగించి, కూర్చోబెట్టి, మంచినీళ్ళు తాగించి, మళ్ళీ బయల్దేరదీసింది. మేం వెళ్ళేసరికి సెంటర్ గేటు మూసేస్తున్నారు. ఆ గేటు సందులోంచి పిల్లని తోశాం.

అప్పటినుంచీ నేనో ఏర్పాటు చేసుకున్నాను. ముఖ్యమైన పని ఉన్న రోజు పక్కింటి పార్వతమ్మగారికి ముందే చెప్పేదాన్ని. మా కారు స్టార్ట్ అవగానే ఆవిడ నిండు బిందె చంకనెట్టుకుని, ఏమీ ఎరగనట్టు మూల మీంచి నడిచొచ్చేది. అత్తయ్య మురిసిపోయేది. మేం టైంకి చేరేవాళ్ళం. ఇది ఏర్పాటని అత్తయ్యకి తెలియదు. చెప్పి తెప్పించుకున్న ఎదురు పనికిరాదట.

మొన్న పార్వతమ్మగారు ఊళ్ళో లేరు. కూతురి పురిటికి పాతపట్నం వెళ్ళారు.

ఇంటర్వ్యూ పది గంటలకి. ఏ కట్టెల మోపో, ఏ ఖాళీ బిందో ఎదురొస్తే? మళ్ళీ కాళ్ళు కడుక్కోవడమేనా?

నేనే ఎదురొద్దామనుకున్నాను.

శకునం మీద నమ్మకంతో కాదండీ. అత్తయ్య మీద నమ్మకంతో.

ప్లాను చాలా సింపుల్. పెరటి తలుపులోంచి బయటికి వెళ్తాను. గోడౌను వెనక సందులోంచి చుట్టు తిరిగి రోడ్డు మీదికొస్తాను. కారుకి ఎదురుగా నడుస్తాను. కారు నా దగ్గర ఆగుతుంది. బిందె పార్వతమ్మగారి అరుగు మీద పెట్టి కారెక్కుతాను. ఎదురూ అయిపోతుంది, ఎక్కడమూ అయిపోతుంది. ఒక్క కిరాయికి రెండు లోడ్లు! ఇన్నేళ్ళ కాపురంలో ఆయన గాలి నాకూ సోకినట్టుంది.

ఎవరికీ చెప్పలేదు. చెప్తే పనికిరాదు కదా.

కారు సర్దడం చూశాను. ముందు సీట్లో అత్తయ్య. వెనక ఎడమ పక్క దీప్తి. మధ్యలో, మా ఆయన పెట్టించిన ఖాళీ గోనెసంచుల కట్ట. చిలకపాలెం జంక్షన్లో ఒక కొట్టుకి దించాలట. కారు టాపుకి తగులుతోంది అది. ఆ కట్టకి ఇవతల, మా ఆయన సీటు వెనక, నా చోటు. ఆర్టీసీ బస్సులో కర్చీఫ్ వేసినట్టు అక్కడ నా హ్యాండ్‌బ్యాగ్ పడేశాను. ఫోను అందులోనే ఉంది.

"అమ్మా, డబ్బా?" అంది దీప్తి.

"నేను తెస్తా" అన్నాను.

డబ్బా దేవుడి గూట్లో ఉంది. దానికి బొట్టు పెట్టాను. ధాన్యం శాంపిల్ కవరుతో సహా దాని బ్యాగులో పెట్టి, జిప్పు లాగి, భుజానికి తగిలించుకున్నాను. బిందె నింపాను. తల తడవకుండా గోడౌన్లోంచి కొత్త గోనెసంచి ఒకటి తీసి, హమాలీలు వేసుకుంటారే, ఒక మూల ఇంకో మూలలోకి దోపి, అలా టోపీలా వేసుకున్నాను. వీపు మీద బ్యాగుకి కూడా అడ్డం. పెరటి తలుపు లాగి తాళం నొక్కాను.

చుట్టూ తిరిగి రోడ్డు మీదికొచ్చేసరికి కారు అప్పుడే కదిలింది. నేను బిందె చంకలో సర్దుకుని, మొహం వీలైనంత శుభంగా పెట్టుకుని నడిచాను.

కారు దగ్గరకొచ్చింది. వాన వల్ల అద్దం మసకగా ఉంది. అత్తయ్య వైపు వైపర్ ఎప్పట్నుంచో పనిచెయ్యదు. లోపల జరిగింది తర్వాత దీప్తి చెప్పింది.

"ఒరే! నిండు బిందెరా! ఎవరో ముత్తైదువ!" అందట అత్తయ్య.

"ఎవరమ్మా ఆవిడ?" అన్నారట మా ఆయన.

"ఎవరైతే నీకేటి? మన గోడౌన్లో పనికొచ్చిందేమో. ఆపకురా! మంచి ఎదురొచ్చాక బండి ఆపకూడదు. పోనీ, పోనీ!"

నేను చెయ్యెత్తాను. ఆపమని. అత్తయ్య అద్దంలోంచి రెండు చేతులూ జోడించి నాకు దండం పెట్టింది. ఇరవై మూడేళ్ళలో మా అత్తయ్య నాకు దండం పెట్టడం అదే మొదటిసారి.

మా ఆయన కూడా స్టీరింగు మీంచి ఒక చెయ్యి తీసి నమస్కారం చేశారు. కారు నా పక్కనుంచి జుయ్యిమని వెళ్ళిపోయింది. బురద చీరంతా.

"ఏమండీ" అన్నాను.

నా 'ఏమండీ' వంటింట్లోంచి హాల్లోకే వినపడదు. వానలో ఏం వినపడుతుంది? పరుగెత్తాను. కుడి చెప్పు బురదలో దిగబడిపోయింది. దాన్ని లాగేలోగా కారు మలుపు తిరిగిపోయింది, చెప్పు మాత్రం రాలేదు.

నిలబడ్డాను. ముందు తలుపుకి తాళం, తాళంచెవి ఆయన జేబులో. వెనక తలుపుకి తాళం, తాళంచెవి ఇంట్లో. ఫోను కారులో. పిల్ల డబ్బా నా భుజాన. ఇంటర్వ్యూ పదింటికి.

అప్పుడు భయం వేసింది. నవ్వకండి. నిజంగా వేసింది. అయిదేళ్ళ చదువు నా వీపు మీద వేలాడుతోంది, నేను వీధిలో ఒంటి చెప్పుతో ఉన్నాను.

గోడౌను ముందు లగేజీ ఆటోలో తవుడు బస్తాలు ఎక్కించి తాడు కడుతున్నాడు అప్పలసూరి. మా సరుకు తోలేది అతనే. ఏళ్ళ తరబడి తెలిసిన మనిషి. నన్ను చూసి తాడు వదిలేశాడు.

"ఏటి సావుకారమ్మా? ఏటైనాది? ఆ గోనె ఏటి, ఆ బిందేటి?"

"కారు" అన్నాను. ఆయాసం.

"ఊఁ."

"వెళ్ళిపోయింది."

"ఊఁ."

"పద" అని ఎక్కి కూర్చున్నాను.

అతను నన్ను చూశాడు. భుజాన బ్యాగు. ఒళ్ళో అత్తవారింటి బిందె. కాలికి ఒకే చెప్పు. కళ్ళల్లో నీళ్ళు, అవి వాన నీళ్ళే.  ఆటో తీశాడు. ఊరు దాటాం. తర్వాత మెల్లగా మొదలెట్టాడు.

"సావుకారు బాబు మంచోడే అమ్మా."

నేను తల ఊపాను.

"కోపమొస్తే నోరు జారతాడు. మగోడు. మనసులో ఏటీ ఉండదు."

నాకు అర్థం కాలేదు.

"పుట్టింటికెల్తే ఎల్లు. వద్దన్ను. గానీ రెండ్రోజులుండి వచ్చీ. బిందె తీసుకెల్తే మాత్రం బాగోదు. బిందె తీసుకెల్లిందంటే ఇంక రాదని ఊరంతా అనీసుకుంటారు."

అప్పుడు అర్థమైంది! మొగుడితో గొడవపడి నేను పుట్టింటికి పోతున్నాననుకుంటున్నాడు!

"గొడవ లేదు. పిల్ల ఇంటర్వ్యూ. డబ్బా మర్చిపోయారు" అన్నాను. ఆ ఏడాదికి నేను ఒకేసారి మాట్లాడిన పెద్ద మాట అదే అయ్యుంటుంది.

"డబ్బా మర్చిపోనారు, సరే. నిన్నెందుకు మర్చిపోనారు?"

చెయ్యి చాపాను.

"ఫోన్" అన్నాను. ఇచ్చాడు. మా ఆయనకి చేశాం. కట్ చేశారు. మళ్ళీ చేశాం. మళ్ళీ కట్. మంచి పనికి వెళ్ళేటప్పుడు ఆయన కొట్టు ఫోన్లు ఎత్తరు. తెర మీద 'అప్పలసూరి తవుడు' అని వస్తుంది మరి! దీప్తి నంబరు నాకు నోటికి రాదు. నా ఫోన్లో 'దీపు' అని నొక్కితే వస్తుంది, అంతే. నోటికొచ్చిన నంబరు నాదొక్కటే.

దానికే చేశాను. కారులో మోగుతుంది కదా, ఎవరో ఒకరు ఎత్తకపోతారా?

మోగింది. ఎవరూ ఎత్తలేదు. మళ్ళీ చేశాను. మళ్ళీ మోగింది.

ఆ టైంలో కారులో ఏం జరుగుతోందో వినండి. దీప్తి చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, కళ్ళు మూసుకుని, ఇంటర్వ్యూలో చెప్పాల్సింది మననం చేసుకుంటోంది. మధ్యలో గోనెల కట్ట. అవతల అమ్మ ఉందనే అనుకుంటోంది. మా ఆయన డ్రైవ్ చేస్తూ నాతో మాట్లాడుతున్నారు. రాజాం నుంచి చిలకపాలెం దాకా మాట్లాడారట! పిల్ల చదువు గురించి, గోడౌను రేకుల గురించి, మా తమ్ముడు చేసిన తప్పుల గురించి. నేను ఒక్కదానికీ జవాబివ్వలేదట. అందులో వింతేముంది?

"చూశావా అమ్మా, ఒప్పుకుంది. వాళ్ళ తమ్ముడిదే తప్పని ఊరుకుంది" అన్నారట అత్తయ్యతో.

నా ఫోను మోగితే, "ఎత్తవే! ఎత్తదు. దీనికి ఫోను కొనడం దండగ" అన్నారట.

ఇక్కడ నా పరిస్థితి చెప్పాలి. ఒళ్ళో నిండు బిందె. ఆ రోడ్డు సంగతి మీకు తెలుసు. గోతి గోతికీ బిందె ఎగురుతోంది. నీళ్ళు చిందుతున్నాయి.

"ఆ నీల్లు ఒంపీ అమ్మా. బరువు" అన్నాడు అప్పలసూరి.

ఒంపలేదు. ఒంపేస్తే పిల్ల పనికి ఏమవుతుందో అని. ఇందాక మీతో నాకు శకునాల నమ్మకం లేదన్నాను కదా. అది కారు వెళ్ళిపోకముందు మాట.

బిందె మీద చెయ్యి మూతలా పెట్టి, బ్యాగు తడవకుండా ఒళ్ళోకి లాక్కుని, దానిమీద బిందె ఆనించి కూర్చున్నాను. ఎంత తెలివో చూడండి.

చిలకపాలెం జంక్షన్లో కారు ఆగింది. మా ఆయన దిగి వెనక డోరు తీసి గోనెల కట్ట బయటికి లాగారు. కట్ట వచ్చింది. నా సీట్లో హ్యాండ్‌బ్యాగ్ ఒక్కటే బుద్ధిగా కూర్చుని ఉంది.

దీప్తి కళ్ళు తెరిచింది. "అమ్మేది?"

మా ఆయన సీటు కింద చూశారట. ఎందుకో ఇప్పటికీ చెప్పలేకపోతున్నారు. అత్తయ్య దిగకుండానే అరిచింది, "ఒరే, డిక్కీలో సూడరా!"

అప్పుడు మళ్ళీ మోగింది ఫోను. ఈసారి దీప్తి ఎత్తింది.

"నేనే" అన్నాను.

మా ఆయన లాక్కున్నారు. "ఎక్కడున్నావే?"

"వెనక."

"వెనక లేవే! వెనకే చూస్తన్నాను!"

"మీ వెనక. ఆటోలో. పొందూరు దగ్గర."

 అత్తయ్య గొంతు వినపడింది, దూరంగా. "అయితే ఆ ముత్తైదువ మన కోడలేటిరా?"

"వెనక్కొస్తున్నా. అక్కడే ఉండు" అన్నారాయన.

"రావద్దు" అన్నాను. గట్టిగానే అన్నాను. అప్పలసూరి ఉలిక్కిపడ్డాడు. "పిల్లని తీసుకెళ్ళండి. పేరు పిలిస్తే అక్కడ ఉండాలి. డబ్బా నేను తెస్తా."

"అమ్మా..." అంది దీప్తి.  దాని గొంతు సన్నగా ఉంది. ఆ ఒక్క మాటకే బ్యాగుని ఇంకా దగ్గరికి లాక్కున్నాను. 

అప్పలసూరికి విషయం పూర్తిగా ఎక్కింది. పుట్టిల్లు కాదు, పిల్ల చదువు. ఇక చూడాలి అతన్ని! హారన్ మీంచి చెయ్యి తియ్యలేదు. "తవుడు ఎక్కడికీ పోదమ్మా, తర్వాత దించుతాను" అని పొందూరు లోడు పొందూరులో దించకుండా హైవే ఎక్కేశాడు. వెనక్కి చూస్తే ఒక బస్తా చిరిగి, మా వెంట రోడ్డు మీద సన్నగా తవుడు గీత.

కాలేజీ గేటు దగ్గర సెక్యూరిటీ ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"లోడు బండి లోపలికి రాదు."

దిగాను. తల మీద గోనె, చంకలో బిందె, ఒంటి చెప్పు.

"వాటర్ సప్లై వెనక గేటమ్మా" అన్నాడు.

బిందె ఆయన చేతుల్లో పెట్టాను. "పట్టుకో. ఒంపకు" అన్నాను. ఏ లెక్చరర్ గొంతు విన్నట్టు అనిపించిందో, ఆయన కిక్కురుమనకుండా పట్టుకున్నాడు. నేను పరుగు.

మేడ మీద వరండా చివర దీప్తి నిలబడి ఉంది. పక్కన మా ఆయన. అత్తయ్య మెట్ల దగ్గర కుర్చీలో. నేను వరండాలో ఎదురు నడిచొస్తుంటే మా ఆయన ఈసారి గుర్తుపట్టారు. నా తల మీంచి గోనె తీశారు.

దీప్తి జిప్పు తీసింది. డబ్బా బాగానే ఉంది. దాని నుదుటి మీద నేను పెట్టిన కుంకుమ కారి, స్క్రీను మీద ఎర్రగా చార. శాంపిల్ కవరు ఎత్తింది. కవరు మూల నుంచి చుక్క, చుక్క, చుక్క. బిందెలో నీళ్ళు.

నా మొహం చూసింది. నేను దాని మొహం చూశాను. లోపల్నుంచి దాని పేరు పిలిచారు. నా చీర కొంగు లాగి స్క్రీను తుడుచుకుంది. లోపలికి వెళ్ళిపోయింది.

తలుపు ఓరగా ఉంది. నేను గోడకి ఆనుకుని నిలబడ్డాను. మా ఆయన నా పక్కన. ఇద్దరం ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకోలేదు.

లోపల ముగ్గురు సార్లు. దీప్తి మొదలెట్టింది. ఇంగ్లీషులో చెప్పుకుపోయింది. తర్వాత ధాన్యం పోసిన చప్పుడు. 

"ఇది ఆరబెట్టిన ధాన్యం అన్నావు కదమ్మా" అన్నారొకాయన తెలుగులో. "నీ మీటర్ చూడు, ఆఖరి అంకెకి వెళ్ళి ఆగిపోయింది. రీడింగ్ తప్పు."

 అయిదేళ్ళ చదువూ ఆ కవరు మూలలోంచి కారిపోయిందనుకున్నాను.

"రీడింగ్ కరెక్టే సార్" అంది నా కూతురు. "ధాన్యమే తడిసింది."

"ఎలా తడిసింది?"



"మా అమ్మ ఎదురొచ్చింది సార్."

 తర్వాత ఇంకో ఆయన, కొంచెం పెద్ద వయసు గొంతు, మన వైపు మనిషే అయ్యుంటారు. "నిండు బిందా?"

"అవును సార్. రాజాం నుంచి."

కుర్చీలు కదిలిన చప్పుడు. గింజలు వేళ్ళతో నలిపి చూసినట్టున్నారు. నవ్వులు. ఆ నవ్వు మంచిదో చెడ్డదో నాకు తెలియలేదు.

"సరే, తడి పట్టుకుంది మీ మెషీను. పొడిది కూడా పట్టుకుంటుందా? పొడి ధాన్యం ఉందా?"

దీప్తి తలుపు తీసుకుని బయటికొచ్చింది. "నాన్నా, జేబు!"

ధాన్యం వ్యాపారి చొక్కా జేబు ఎప్పుడూ ఖాళీగా ఉండదు. శాంపిల్ చూడ్డానికి తీసిన గింజలు అందులో పడేసి మర్చిపోతారు. ఆ జేబులు ఉతికే నాకు తెలుసు, ఎన్ని తిట్టుకున్నానో. ఆయన జేబు తిరగేశారు. గుప్పెడు గింజలు, ఒక వక్కముక్క. వక్కముక్క తీసేసి దీప్తి లోపలికి పరుగెత్తింది. ఆయన కూడా వెనకే వెళ్ళిపోయారు. పిలవందే!

డబ్బా ఏదో అంకె చూపించింది. సార్లు బాగుందన్నారు. మా ఆయన ఊరుకోవచ్చు కదా? ఒక గింజ నోట్లో వేసుకుని కొరికారు.

"తక్కువ సూపిస్తన్నాదండీ. ఇంకొంచెం తేమ ఉంది."

"మీరు అమ్మేవారా, కొనేవారా?" అన్నారు పెద్దాయన.

"కొనేవాణ్ణి."

ఇంక ఆ గదిలో నవ్వు ఆగలేదు. ఆ నవ్వు మంచిదేనని ఈసారి నాకు తెలిసింది.

చివర్లో ఒక ప్రశ్న అడిగారు దీప్తిని. రెండు చదువులు ఒకేసారి మోయాలంటే కష్టం, నాలుగేళ్ళది హాయిగా పూర్తిచేసుకోవచ్చు కదా, ఎందుకింత తొందర అని. నేను చెవులు రిక్కించాను. నేను అడగాల్సిన ప్రశ్న అది. సగం మాత్రమే అడిగాను.

"తొందర కాదు సార్" అంది. "ఈ డబ్బా మా రైతులు కొనుక్కునే రేటుకి రావాలంటే, నాకు తెలియాల్సింది ఇంకా చాలా ఉంది. ఇప్పుడు ఆగి, మళ్ళీ ఎంట్రన్స్ రాసి, మళ్ళీ మొదలెడితే ఇది అటక మీదికి వెళ్ళిపోతుంది. మోయగలను సార్. మా ఇంట్లో ఖాళీ బండి వెళ్ళదు."

నేను కొంగుతో మొహం తుడుచుకున్నాను. కొంగు నిండా కుంకుమ, బురద. అత్తయ్య మెట్ల దగ్గర్నుంచి అడిగింది, "ఏటైంది? ఏడుస్తన్నావా?"

తల అడ్డంగా ఊపాను.

మధ్యాహ్నం అటునుంచే అరసవల్లి వెళ్ళి దర్శనం క్యూలో ఉండగా దీప్తి ఫోనుకి మెసేజ్ వచ్చింది. తీసుకున్నారు. వచ్చే ఏడాది నుంచి రెండూ మొదలు.

"సూశావా? నిండు బిందె ఎదురొస్తే అంతే మరి" అంది అత్తయ్య. ఆ ఎదురు నేను ముందే ఏర్పాటు చేసిందని ఆవిడకి ఇప్పుడు తెలుసు. అయినా దాన్ని లెక్కలోకి తీసుకుంది. కారణం కూడా చెప్పింది. ఏర్పాటు చేసినదాన్ని ఏర్పాటు ప్రకారం జరగనిస్తేనే దోషమట. నాదేదీ ఏర్పాటు ప్రకారం జరగలేదు కనుక దోషం లేదట.

ఒక్క ప్రయాణంలో రెండు పనులు కలపడం అందరికీ చేతకాదు. నా కూతురికి చేతనవుతుంది. నాకు కాదు.

తిరిగొచ్చేటప్పుడు మా ఆయన కారు స్టార్ట్ చేసే ముందు వెనక్కి తిరిగారు.

"ఉన్నావా?"

తల ఊపాను.

"అలా కాదు. నోటితో చెప్పు."

"ఉన్నాను."

దార్లో మళ్ళీ రెండుసార్లు అడిగారు. రెండుసార్లూ నోటితోనే చెప్పాను.

ఇల్లు చేరేసరికి దీపాలు పెట్టే వేళైంది. వాన వెలిసింది. వాకిట్లో నిలబడి ఒక్కొక్కరినీ చూసుకున్నాను. అత్తయ్య వచ్చింది, మోకాళ్ళు పట్టుకుని. ఆయన వచ్చారు, జేబు ఖాళీ. దీప్తి వచ్చింది, చంకలో డబ్బాతో, నిద్ర కళ్ళతో. తవుడు దించేసి క్షేమంగా చేరానని అప్పలసూరి ఫోన్ చేశాడు. నేనూ వచ్చాను, ఎడమ చెప్పుతో.

బిందె రాలేదు.

నిన్న దీప్తి కాలేజీకి ఫోన్ చేసి కనుక్కుంది. సెక్యూరిటీ ఆయన దాన్ని నిజంగానే ఒంపలేదట. గేటు దగ్గర స్టూలు మీద పెట్టాడట. సంగతి ఎలా పాకిందో, పరీక్షకి వెళ్ళే పిల్లలు ఆగి, "అంకుల్, ఒక్కసారి ఎదురు రండి" అంటున్నారట. ఆయన కాదనకుండా బిందె ఎత్తుకుని నాలుగడుగులు వేస్తున్నాడట.

మా ఇంట్లోంచి ఆ కాలేజీలో ఇంటర్వ్యూ లేకుండా చేరింది అదొక్కటే.